వెబ్‌సైటునకు సొంత గవాక్షములు



నేడు నేను ప్రసంగింపబోవు విషయము పేరునకు కొత్తది. పనిని బట్టి చూచిన మీరెల్లరును ఎఱిగినదే. వెబ్‌సైటు అను మాట నేడు పల్లెలలోను వినబడుచున్నది. భూమి వివరములు, కరెంటు బిల్లు, రైలు టిక్కెట్టు మున్నగునవి వెబ్‌సైటుల మూలమున నడచుచున్నవి. సంఘములకును, దేవాలయములకును, గ్రంథాలయములకును సైతము వెబ్‌సైటులు వెలసినవి. అట్టిదానిని కట్టించుటకు సొమ్ము మంజూరుచేయు తీర్మానముపై సంతకము పెట్టువారు తఱచుగా మీవంటి పెద్దలే. పనివాడు వచ్చి, "దీనికి ఏ.పి.ఐ. పెట్టవలెను, ఎండ్‌పాయింటులు వ్రాయవలెను, ఇంత ఖర్చగును" అని చెప్పినపుడు తల యూపుటయో, వలదనుటయో తప్ప వేఱు దారి లేకుండుట మంచిది కాదు. ఆ మాటలకు అర్థమేమి? అందు జాగ్రత్తపడవలసిన చోట్లెవ్వి? ఇంతమాత్రము చెప్పుటయే నా యుద్దేశము. ఏ.పి. అనగానే మన రాష్ట్రము తలపునకు వచ్చును గాని, ఆ యక్షరములకును ఈ యక్షరములకును ఎట్టి సంబంధమును లేదు.

మొదట వెబ్‌సైటు లోపల నేమున్నదో చూతము. 1990 ప్రాంతమున జినీవా దగ్గఱి సెర్న్ అను పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ ఈ విధానమును కనిపెట్టినపుడు, ఒక్కొక్క పుటను ఒక్కొక్క మనుష్యుడు చేతితో వ్రాసి కంప్యూటరులో నిలుపవలసి యుండెను. పుటలు పదియైన బాగుగనే యుండును. వేయియైనచో ఒక్క ఫోను నంబరు మాఱినను వేయి చోట్ల దిద్దవలెను. అందువలన విషయమునంతను ఒకచోట పట్టికలుగా దాచి, ఎవరైన నడిగినపుడు దానినే పుటగా అమర్చి చూపు యంత్రాంగములు పుట్టినవి. వీనిని విషయనిర్వహణ యంత్రాంగములందురు. వానిలో మిక్కిలి వ్యాపించినది వర్డ్‌ప్రెస్. అంతకు ముందున్న బి2 అను ప్రోగ్రామును ఆధారముగా గొని మ్యాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అను నిరువురు 2003 మే 27 వ తేదీన దీనిని వెలువరించిరి. వెల లేనిది, ఎవరైనను తీసికొని మార్చుకొనవచ్చును. నేడు లోకములోని వెబ్‌సైటులలో నూటికి 40కి మించి దీనిపైననే నడచుచున్నవి. కావున ఈ ప్రసంగములో నేను చెప్పునదంతయు వర్డ్‌ప్రెస్‌ను గూర్చియే.

కరణీకములు 1984 లో రద్దయినవి. అంతకు ముందటి కాలము మీలో ననేకులకు జ్ఞాపకముండును. ఒక రైతునకు తన పొలము అడంగలు నకలు కావలసి వచ్చెననుకొందము. అతడు కరణముగారి గదిలో జొరబడి తానే పుస్తకములు తిరుగవేయుటకు వీలులేదు. అరుగు దగ్గఱ నిలిచి, సర్వే నంబరు చెప్పి, నకలు కోరవలెను. కరణము అడిగినవాడెవడో చూచును. చెప్పిన నంబరు ఆ గ్రామములో కలదో లేదో చూచును. పిమ్మట దస్తరము విప్పి, కావలసిన పంక్తులను మాత్రమే వ్రాసి యిచ్చును. వెబ్‌సైటు భాషలో ఆ దస్తరమునకు డేటాబేసని పేరు. ఆ యరుగే ఎండ్‌పాయింటు. తపాలా కచేరిలో స్టాంపులకొకటి, పొదుపు ఖాతాలకొకటి గవాక్షములున్నట్లే ఇచ్చటను ఒక్కొక్క పనికి ఒక్కొక్క యెండ్‌పాయింటు ఉండును గనుక, నేను దీనిని గవాక్షమనియే పిలుతును. గవాక్షము దగ్గఱ అడుగు తీరునకును, ఇచ్చు తీరునకును ఏర్పడిన కట్టుబాటునకంతకును ఏ.పి.ఐ. అని పేరు.

అయితే ఇక్కడ ఒక భేదము కలదు. ఈ గవాక్షము దగ్గఱ వచ్చి నిలుచువాడు మనుష్యుడు కాడు, మఱియొక యంత్రము. మనము చూచు పుటలో రంగులు, బొమ్మలు, పెద్దయక్షరములు, చిన్నయక్షరములు ఉండును. చేతిఫోనులోని యాప్‌నకుగాని, కచేరి గోడపై తగిలించిన విద్యుత్పలకకుగాని ఇవి అక్కఱలేదు. వానికి కావలసినది వట్టి సమాచారము: పేరిది, విలువ యిది, అంతే. ఆ సమాచారమును కట్టగట్టి పంపుటకు నేడెల్లరును వాడుచున్న వ్రాతపద్ధతికి జేసన్ అని పేరు. అడుగు తీరును సయితము ముందే నిర్ణయించియున్నారు. చూపుమని కోరుట గెట్, కొత్తది చేర్చుకొనుమని యిచ్చుట పోస్ట్, తీసివేయుమనుట డిలీట్. బదులు వచ్చునపుడు దానితో ఒక యంకె వచ్చును. 200 అనిన సరే. 400 అనిన, నీవడిగిన తీరు తప్పు. 401 అనిన, నీవెవరో చెప్పలేదు. 403 అనిన, నీవెవరో తెలిసినది గాని నీకు హక్కు లేదు. 404 అనిన, అట్టిది లేదు. 500 అనిన, తప్పు నీది కాదు, మాదే. ఈ చివరి దానిని ఒప్పుకొను కచేరులు లోకములో తక్కువ. ఇట్టి కట్టుబాటులతో నడచు నిర్మాణమునకు రాయ్ ఫీల్డింగ్ అను పండితుడు 2000 సంవత్సరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు సమర్పించిన వ్యాసములో రెస్ట్ అని పేరు పెట్టెను. ఆ పేరు వినబడినపుడు బెదరనక్కఱలేదు.

వర్డ్‌ప్రెస్‌లో ఈ యేర్పాటునకు పునాది 2015 డిసెంబరులో వచ్చిన 4.4 వ కూర్పులో పడినది. 2016 డిసెంబరులో వెలువడిన 4.7 వ కూర్పుతో వ్యాసములకు, పుటలకు, వ్యాఖ్యలకు, బొమ్మలకు సిద్ధమైన గవాక్షములు వచ్చినవి. వెబ్‌సైటు పేరునకు తరువాత ఏటవాలు గీత గీచి ‘డబ్ల్యు.పి.-జేసన్’ అని వ్రాసిన చాలును. ఆ స్థలమందలి గవాక్షముల జాబితా యంతయు కనబడును. ఇన్ని సిద్ధముగా నుండగా మఱల సొంత గవాక్షములు కట్టుకొననేల యని మీరడుగవచ్చును. పనివానిని మీరు మొట్టమొదట నడుగవలసిన ప్రశ్నయు నిదియే. కొన్ని వేళల సిద్ధముగా నున్నవే చాలును. అపుడు ఖర్చు దండుగ.

చాలని వేళ యెట్టిదో ఒక యుదాహరణముతో చూపెదను. 1997 లో వచ్చిన సాగునీటి చట్టమువలన ఉమ్మడి ఆంధ్రప్రదేశములో నీటి వినియోగదారుల సంఘము లేర్పడినవి. అట్టి సంఘ మొకటి వెబ్‌సైటు పెట్టుకొన్నదని యూహింపుడు. కాలువలో నీరు చాలనపుడు వారబందీ పద్ధతిని వంతులు వేయుదురు గదా. ఏ తూమునకు ఏ దినమున ఏ గంట మొదలు ఏ గంట వఱకు నీరు వదలుదురో సంఘ కార్యదర్శి వర్డ్‌ప్రెస్‌లో వ్రాయును. ఒక్కొక్క వంతునకు ఒక్కొక్క నమోదు. తూము సంఖ్య, తేదీ, గంటలు అను మూడును ప్రత్యేకపు గడులలో నిండును. ఇక శివారు భూముల రైతు పొలము గట్టుపై నిలిచి తన ఫోనులో అడుగునది ఒక్కటే: మా తూమునకు రాబోవు వంతు ఎన్నడు?

సిద్ధముగా నున్న గవాక్షమును అడిగినచో ఏమి వచ్చును? వ్యాసము శీర్షిక, దేహము, వ్రాసినవాని సంఖ్య, వ్రాసిన తేదీ, దిద్దిన తేదీ, ఇరువది రకముల లంకెలు, ఇవన్నియు మూటగట్టి వచ్చును. అదియు మామూలుగా పదేసి నమోదుల చొప్పున. ఎంత యడిగినను ఒక్కమాఱునకు 100కి మించి రావు. శివారు పొలములో ఫోనునకు సంకేతము ఆడియాడి వచ్చుచుండును. ఈ మూట దిగుటకే సమయము పట్టును. విచిత్రమేమన, ఆ ప్రత్యేకపు గడులలో నింపిన తూము సంఖ్యయు, గంటలును ఆ మూటలో నుండనే యుండవు. ఫలానా గడిని బయటికి చూపవచ్చునని విడిగా అనుమతి వ్రాసినగాని వర్డ్‌ప్రెస్ వానిని వెలికి తీయదు. అక్కఱలేనిది బండెడు, కావలసినది సున్న. అందుచేత, తూము సంఖ్య చెప్పినంతనే తేదీ, మొదలు గంట, చివరి గంట అను మూడు ముక్కలు మాత్రమే యిచ్చు సొంత గవాక్షము ఇచ్చట నిజముగా అవసరము.

దానిని కట్టు విధానము కష్టమైనది కాదు. మొదట చోటు. వర్డ్‌ప్రెస్‌లో పుటల రూపురేఖలను దిద్దు భాగమును థీమందురు. కొత్త పనులను చేర్చు భాగమును ప్లగిన్ అందురు. సోమరియైన పనివాడు గవాక్షపు వ్రాతను థీములో ఇఱికించిపోవును. రెండేండ్లకు సంఘమువారు వెబ్‌సైటు రూపు పాతబడినదని థీమును మార్చుదురు. మఱునాడు రైతుల ఫోనులన్నిటిలో 404 అను నంకె కనబడును. గోడకు సున్నము మార్చినపుడు గుమ్మము పోవునట్లుండరాదు. గవాక్షపు వ్రాత సొంత ప్లగిన్‌గా వేఱుగా నుండవలెను.

ఇక వ్రాత. వర్డ్‌ప్రెస్ మేల్కొని గవాక్షములు తెఱచు వేళకు ‘రెస్ట్ ఏ.పి.ఐ. ఇనిట్’ అను పేరుగల గంటను మ్రోగించును. ఆ గంట విని మన ప్లగిన్ ‘రిజిస్టర్ రెస్ట్ రూట్’ అను ఆజ్ఞను పిలిచి, తన గవాక్షమును నమోదు చేసికొనవలెను. ఆ యాజ్ఞకు మూడు సంగతులు చెప్పవలెను. మొదటిది ఇంటిపేరు. ఒక యూరిలో వెంకటేశ్వర్లు పదుగురుండిన ఇంటిపేరుతోగదా గుర్తింతుము. అట్లే ఒక వెబ్‌సైటులో పలువురి ప్లగిన్లుండును. అందఱును ‘వంతు’ అనియే పేరు పెట్టినచో చిక్కువచ్చును. కావున మన గవాక్షములకు ‘నీరు’ అను ఇంటిపేరు పెట్టి, దాని తరువాత కూర్పు సంఖ్యగా ‘వి1’ అని చేర్పవలెను. ‘డబ్ల్యు.పి.’ అనునది వర్డ్‌ప్రెస్‌వారి సొంత ఇంటిపేరు. దానిని వాడుకొనుట మర్యాద కాదు, క్షేమమును గాదు. (పేర్లను నేను తెలుగున చెప్పుచున్నాను గాని, చిరునామాలో ఇంగ్లీషు అక్షరములనే వాడుదురు.) రెండవది దారి: ‘వంతు’, ఆపై తూము సంఖ్య. ఆ సంఖ్య యున్నచోట అంకెలు తప్ప మఱేమియు రాగూడదని దారిలోనే వ్రాయవచ్చును. మూడవది వివరముల పట్టిక: ఏ తీరున నడుగవచ్చును, అడిగినపుడు పని చేయు గుమాస్తా యెవడు, అడుగుటకు హక్కెవరికి, ఏయే మాటలు చెప్పి యడుగవలెను.

గుమాస్తా యనగా మనము వ్రాసిన చిన్న ప్రోగ్రాము. అతడు అడిగినవాని దరఖాస్తును చేత పుచ్చుకొని, దస్తరములో ఆ తూమునకు నేటి తరువాత వచ్చు మొదటి వంతును వెదకి, మూడు ముక్కలను పట్టికగా కూర్చి యిచ్చును. జేసన్‌గా మార్చుట వర్డ్‌ప్రెస్ తానే చూచుకొనును. వంతు దొరకనిచో గుమాస్తా ఖాళీ చేతులతో ఊరకుండరాదు. ‘వంతు ఇంకను నిర్ణయింపలేదు’ అని స్పష్టముగా చెప్పవలెను. వట్టి తెల్లకాగితము వచ్చినచో రైతు ఏమనుకొనును? నీరు లేదనుకొనునా, ఫోను చెడినదనుకొనునా?

అడుగువాడు చెప్పు మాటలను రెండు విధముల చూడవలెను. ఒకటి పరీక్ష: తూము సంఖ్య అంకెయేనా, ఆ కాలువకు 14 తూములే యున్నచో 75 అని యడిగిన నేల యొప్పుకొనవలెను? రెండవది శుద్ధి: వచ్చిన మాటనుండి అంటుకొనియున్న చెత్తను తొలగించి, అంకెను అంకెగా మార్చుకొనుట. వర్డ్‌ప్రెస్‌లో ఈ పనులకు ఒక వరుస కలదు. మొదట దారి కుదిరినదా యని చూచును, పిమ్మట మాటలను పరీక్షించును, శుద్ధిచేయును, ఆ తరువాత హక్కును విచారించును, అన్నియు గడచినగాని గుమాస్తాను పిలువదు. ఈ వరుసను పనివాడు చక్కగా నెఱిగియుండవలెను. ఎఱుగనిచో ఏమగునో లోకము 2017 లో చూచినది. ఆ కథ కొంచెము వివరముగా చెప్పవలసి యున్నది.

4.7 వ కూర్పులో వచ్చిన సిద్ధపు గవాక్షములలో వ్యాసమును దిద్దు గవాక్షమొకటి. వ్యాసమును దిద్దుటకు హక్కుగలవాడే దిద్దవలెను. అట్టి కావలి యచ్చట నుండెను. చిరునామాలో వ్యాసపు సంఖ్య యుండును, అది అంకెయే కావలెనని దారిలో కట్టడియు నుండెను. కాని అదే సంఖ్యను చిరునామా తోకలో ప్రశ్నార్థకము పెట్టి మఱల చెప్పుటకు వీలుండెను. రెండును భిన్నముగా నున్నచో వర్డ్‌ప్రెస్ తోకలోని దానినే గైకొనుచుండెను. దారిలోని కట్టడి తోకకు తగులదు. ఒక దుర్మార్గుడు తోకలో 123 అనుటకు బదులు 123 ప్రక్కన కొన్ని యక్షరములు తగిలించి ‘123కఖగ’ వంటి మాటను పంపెననుకొనుడు. కావలివాడు ‘123కఖగ’ అను సంఖ్యగల వ్యాసమును వెదకెను. అట్టిది లేదు. లేని వ్యాసముపై హక్కు విచారింపనేల యని వానిని లోనికి వదలెను. లోపలి గుమాస్తా ఆ మాటనే అంకెగా మార్చుకొనెను. అక్షరములు రాలిపోయినవి, 123 మిగిలెను. అతడు పోయి 123 వ వ్యాసమును దుర్మార్గుడు చెప్పినట్లు తిరుగవ్రాసెను. తలుపునకు తాళము కలదు, కావలి కలదు, గుమాస్తా నమ్మకస్థుడే. కావలివాడు ఒక పేరును, గుమాస్తా మఱియొక పేరును చదివిరి, అంతే.

సుకురి అను రక్షణ సంస్థకు చెందిన పరిశోధకుడు దీనిని కనుగొని వర్డ్‌ప్రెస్‌వారికి తెలిపెను. వారు 2017 జనవరి 26 వ తేదీన దిద్దిన కూర్పు 4.7.2 ను వెలువరించి, తప్పు సంగతిని వెంటనే చాటక, ఫిబ్రవరి 1 వ తేదీ వఱకు గోప్యముగా నుంచిరి. ఈలోగా తమంతట తామే దిద్దుకొను ఏర్పాటుగల వెబ్‌సైటులు బయటపడినవి. గోప్యముగా నుంచుట న్యాయమా యని కొందఱు తర్కించిరి. నా మట్టునకు అది వివేకమైన పనియే యని తోచును. ఏలయన, సంగతి బయటపడిన కొలది దినములలోనే, దిద్దుకొనక యుపేక్షించిన వెబ్‌సైటులలో లక్షలాది పుటలను దుండగులు చెఱిపి తమ పేర్లు వ్రాసికొనిరి. కావున, కొత్త కూర్పు వచ్చినపుడు వెబ్‌సైటును దిద్దు బాధ్యత ఎవరిదో ఒప్పందపత్రములో వ్రాయించుకొనుడు. కట్టి వెళ్లిపోవువానికి కట్టుబడి కూలి మాత్రమే. ఏటేట చూచువానికి వేఱుగా నీయవలెను.

అంత గొప్ప గవాక్షములోనే అట్టి సందు దొరకినపుడు, మన సొంత గవాక్షములను గూర్చి యెంత జాగ్రత్త కావలెను! హక్కు విచారించు భాగమును వదలివైచి గవాక్షము కట్టుటకు వర్డ్‌ప్రెస్ చాలకాల మొప్పుకొనెను. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వ కూర్పునుండి, ఆ భాగము లేనిచో పనివానికి హెచ్చరిక చూపుచున్నది. మంచి మార్పే. కాని కొందఱు ఆ హెచ్చరిక నోరు మూయించుటకు, ‘ఎవరడిగినను సరే యనుము’ అను సిద్ధపు ఆజ్ఞను అన్ని గవాక్షములకును తగిలించుచున్నారు. ఆ యాజ్ఞ స్వభావముచేత తప్పు కాదు. వంతుల పట్టిక రచ్చబండ దగ్గఱ అంటింపదగినది. ఎవరు చదివినను నష్టము లేదు, అందఱును చదువుటయే మేలు. ఆ గవాక్షమునకు ‘సరే’ యనుట సరియే. అన్నిటికి అట్లే యనుటయే కొంప ముంచును.

నేనెఱిగిన యొక సంఘము కలదు, పేరు చెప్పను. వారి వెబ్‌సైటులో సభ్యుల జాబితా నిచ్చు గవాక్షమొకటి కట్టించిరి. యాప్‌లో సభ్యుని పేరు మాత్రమే కనబడుచుండుటచేత అందఱును నిశ్చింతగా నుండిరి. నన్ను పిలిచి చూడుమన్నపుడు, యాప్‌ను విడిచి గవాక్షమునే నేరుగా అడిగితిని. పేర్లతోపాటు ఫోను నంబరులు, బ్యాంకు ఖాతాల సంఖ్యలు బిలబిల వచ్చినవి. యాప్ వానిని దాచుచున్నది గాని గవాక్షము దాచుటలేదు. ఆ పట్టిక చేతికి చిక్కినవాడు, ‘బ్యాంకునుండి మాట్లాడుచున్నాను, మీ ఖాతా ఫలానా గదా’ యని పిలిచిన నమ్మని రైతెవడు? ఆ గవాక్షమును అదే పూట మూయించితిమి. కట్టినవానిని అడుగగా, చిరునామా ఎవరికిని తెలియదు గదా యనెను. ముందే చెప్పితిని: గవాక్షముల జాబితాను వర్డ్‌ప్రెస్ తానే చూపుచుండును. చిరునామాను దాచుట కాపలా కాదు. ఇంతియగాక, వ్యక్తుల సమాచారమును కాపాడుటకు 2023 లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది. ఉంచినవారి బాధ్యత ఏమో అందు కలదు.

మఱి వ్రాయు గవాక్షము? లష్కరు తూము ఎత్తిన గంటను తన ఫోనునుండి నమోదు చేయుటకు ఒక పోస్ట్ గవాక్షము కావలెను. ఇందు హక్కును రెండు మెట్లుగా చూడవలెను. ఇతడు లష్కరేనా యనునది మొదటి మెట్టు. ఈ తూము లష్కరేనా యనునది రెండవది. పనివారు మొదటి మెట్టుతో తృప్తిపడి యూరకుందురు. అపుడు 3 వ తూము లష్కరు 9 వ తూము గంటలను దిద్దగలడు. వంతు దగ్గఱ తలలు పగిలిన యూళ్లను మీరెఱుగుదురు గనుక, దీని పర్యవసానము నేను వర్ణింపనక్కఱలేదు. ఓవాస్ప్ అను సంస్థ 2019 లోను, 2023 లోను ప్రకటించిన ఏ.పి.ఐ.ల ప్రమాదముల జాబితాలు రెండింటిలోను మొదటి స్థానము ఈ రెండవ మెట్టు లోపమునకే దక్కినది.

లష్కరు తాను లష్కరునని యంత్రమునకు నిరూపించుకొనుటకు, 2020 డిసెంబరులో వచ్చిన 5.6 వ కూర్పులో ఒక మంచి సాధన మేర్పడినది. ఒక్కొక్క ఫోనునకు 24 అక్షరముల ప్రత్యేకమైన రహస్యపదమును పుట్టించి యీయవచ్చును. ఫోను పోయినచో ఆ యొక్క పదమును రద్దుచేసిన చాలును. మిగిలినవి యథాప్రకారము నడచును. అయితే ఆ పదము చేతబట్టినవానికి, దాని యజమానికున్న హక్కులన్నియు వచ్చును. కార్యదర్శి పేరిట పుట్టించిన పదమును లష్కరు ఫోనులో పెట్టినచో, ఆ ఫోను దొరకినవాడు కార్యదర్శి పనులకే దిగగలడు. లష్కరునకు లష్కరు పేరనే, అతని పనికి సరిపడు హక్కులతోనే ఖాతా తెఱువవలెను.

కాలమును గూర్చి యొక మాట. కంప్యూటరులు తఱచుగా గ్రీనిచ్ కాలమును పాటించును. మన గడియారము దానికంటె అయిదున్నర గంటలు ముందుండును. వర్డ్‌ప్రెస్ తన సిద్ధపు గవాక్షములలో ప్రతి వ్యాసపు తేదీని రెండు విధముల నిచ్చును, వెబ్‌సైటు పెట్టుకొన్న స్థానిక కాలము నొకటి, గ్రీనిచ్ కాలము నొకటి. సొంత గవాక్షములో ఏది యీయవలెనో పనివాడు నిర్ణయింపవలెను. 5 వ తేదీ తెల్లవాఱుజామున 4 గంటలకు వదలు నీరు గ్రీనిచ్ లెక్కను 4 వ తేదీ రాత్రి పదిన్నరకు పడును. తేదీని మాత్రము కత్తిరించి పంపినచో రైతు ఒక దినము ముందుగా పోయి, రాత్రియంతయు గట్టుపై కూర్చుండి, రాని నీటికై లష్కరును తిట్టి వచ్చును. తేదీ, గంట, ఏ కాలమానమో తెలుపు గుర్తు, మూడును కలిపియే పంపవలెను.

ఇంకొక చిన్న సంగతి. పరీక్షించునపుడు తెలుగు పేర్లకు బదులు, వెనుకకు వాలిన గీతలును ‘యు0సి28’ వంటి వ్రాతలును కనబడవచ్చును. తెలుగు పాడైనదని కంగారుపడనక్కఱలేదు. యూనికోడులో మన యక్షరములకు 0సి00 మొదలు 0సి7ఎఫ్ వఱకు స్థానము లిచ్చియున్నారు. అందు 0సి28 మన ‘న’కారము. జేసన్‌లో వర్డ్‌ప్రెస్ అక్షరమునకు బదులు దాని స్థానసంఖ్యను పంపుచున్నది. ఫోను దానిని చదివి మఱల ‘న’గా చూపును.

ఉదయమున ఆయకట్టు రైతులందఱును ఒక్కమాఱే ఫోనులు తెఱచినచో, ప్రతి ప్రశ్నకును గుమాస్తా దస్తరము వెదకవలసి వచ్చును. చిన్న కంప్యూటరు అలసి నిలిచిపోవును. దీనికి ఉపాయము, ఒకమాఱు వెదకి కూర్చిన బదులును కొంతసేపు ప్రక్కన నుంచుకొని, అదే ప్రశ్నకు దానినే యిచ్చుట. కాని కార్యదర్శి వంతు మార్చినప్పుడు ఆ ప్రక్కనున్న బదులును వెంటనే పాఱవేయు ఏర్పాటు తప్పక యుండవలెను. నిన్నటి వంతును నేడు చెప్పు గవాక్షముకంటె మూసియున్న గవాక్షమే నయము.

చివరిది కూర్పు సంఖ్య. మొదట ఇంటిపేరు ప్రక్కన ‘వి1’ అని యేల చేర్చితిమో ఇప్పుడు చెప్పెదను. వచ్చు సంవత్సరము సంఘమువారు గంటలతోపాటు నీటి పరిమాణమును సయితము తెలుపనెంచిరనుకొనుడు. కొత్త ముక్క నొకదానిని చేర్చుటవలన పాత ఫోనులకు బాధ లేదు. తెలియని దానిని అవి విడిచిపెట్టును. కాని ‘గంట’ అను గడి పేరు మార్చినను, దాని యర్థము మార్చినను పాత యాప్‌లన్నియు ఆ క్షణమే చెడును. పల్లెలో అందఱును యాప్‌ను దిద్దుకొనరు. మనుమడు సెలవులకు వచ్చిననాడే దిద్దుట జరుగును. అందువలన అట్టి మార్పు చేయునపుడు ‘వి2’ అను కొత్త గవాక్షమును పక్కన తెఱచి, ‘వి1’ను ముట్టక యట్లే యుంచవలెను. పాత గవాక్షము దగ్గఱకు దినమునకెందఱు వచ్చుచున్నారో కంప్యూటరు చిట్టాలో తెలియును. ఆ లెక్క తగ్గి తగ్గి, సంక్రాంతి సెలవులు గడచి, ఒక నెలపాటు సున్నగా నిలిచిన తరువాతనే దానిని మూయవచ్చును.